శనివారం పెళ్లిరోజు, బైపాస్ పక్కన స్టేక్‌హౌస్

పేరు రాయవద్దని కోరిన తిరుపతి పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమె భర్త హ్యూస్టన్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, తండ్రి ఆరోగ్యం బాగాలేక రెండేళ్ల కిందట తిరిగొచ్చేశారు. అక్కడ తిన్న స్టేక్‌ను, అంటే నిప్పు మీద కాల్చిన మందపాటి మాంసం ముక్కను, ఇప్పటికీ నెలకోసారైనా తలచుకుంటారట. వచ్చే నెల వాళ్ల 12వ పెళ్లిరోజు. చంద్రగిరి వైపు, ఇంటికి 11 కిలోమీటర్ల దూరంలో ఒక కొత్త స్టేక్‌హౌస్ తెరిచారు. ఆయనకు చెప్పకుండా అందరినీ అక్కడికి తీసుకెళ్లాలని ఆమె ఆలోచన. అయితే పెళ్లిరోజు శనివారం పడింది. అత్తగారు శనివారం మాంసం ఉన్న చోట కూర్చోరు, మామూలు రోజుల్లోనూ మాంసం తినరు. మామగారికి షుగర్, పైగా కట్టుడు పళ్లు. పిల్లలకు పదేళ్లు, ఆరేళ్లు. మెనూలో స్టేక్ ధరలు 850 నుంచి 1,900 దాకా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో తిన్నవాళ్లు ఇచ్చిన రేటింగ్ 4.3 చుక్కలు కనిపిస్తున్నా కొందరు ‘రబ్బరు’ అని రాశారు. పక్కింటి వాళ్లేమో ‘కాల్చిన కూరకు రెండు వేలా’ అంటున్నారు. నిరుడు ఇలాగే ఊరి బయట ఇంకో హోటల్‌కు వెళితే, పొగలు కక్కే ఇనప పళ్లెంలో గ్రేవీలో మునిగిన ముక్కలు వచ్చాయి. ఎంత నమిలినా తెగలేదు. ఆయన ఒక్క మాటా అనకుండా తినేసి లేచారు. ‘ఆ మౌనం నాకు ఇంకా గుర్తుంది, మళ్లీ అదే జరిగితే తట్టుకోలేను. వెళ్లాలా, మానాలా?’ అని అడుగుతున్నారు. చివర్లో ఇంకో సంగతి రాశారు: మెనూలో ‘టెండర్‌లాయిన్’ (వెన్ను దగ్గరి మెత్తటి కండ) అని ఉంది కానీ అది ఏ మాంసమో రాయలేదు. భర్త అమెరికాలో ఏ మాంసం తిన్నారో ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అమ్మా, నిరుటి సంగతితోనే మొదలుపెడతాను. మీ మనసులో బరువుగా ఉన్నది అదే. ఆ రోజు ముక్క తెగకపోవడం మీ తప్పు కాదు. మీరు రాసిన ఆనవాళ్లను బట్టి చూస్తే అక్కడ ఏం జరిగి ఉంటుందో చాలావరకు చెప్పవచ్చు. అది అర్థమైతే ఈ కొత్త హోటల్‌ను ఇంట్లో కూర్చునే సగం తూచవచ్చు.

మన దగ్గర మంచి మటన్ అంటే తెల్లవారుజామున కోసింది, మధ్యాహ్నానికి పొయ్యి మీదికి చేరింది. కూరకు అది సరిపోతుంది. కోసిన కొద్ది గంటల్లో కండరం బిగుసుకుపోతుంది, మళ్లీ వదులు కావడానికి చల్లటి చోట కనీసం ఒక రోజు పడుతుంది. ఆ బిగువును మనం గంటసేపు నీళ్లలో, మసాలాలో ఉడికించి లొంగదీస్తాం. కండ మధ్య ఉండే గట్టి పొరలు తడి వేడికి నెమ్మదిగా కరిగి జిగురవుతాయి. సంగటిలోకి పులుసు అంత చిక్కగా రావడానికి కారణం ఆ జిగురే. స్టేక్‌కు ఆ వ్యవధి లేదు. నిప్పు మీద ఉండేది ఎనిమిది, పది నిమిషాలు. అంత తక్కువ సేపట్లో మెత్తబడాలంటే మాంసం ముందే మెత్తబడి ఉండాలి, మొదటినుంచీ మెత్తటి భాగం నుంచి తీసినదై ఉండాలి. అందుకే స్టేక్‌హౌస్ వాళ్లు మాంసాన్ని 0 నుంచి 4 డిగ్రీల చలిలో రోజుల తరబడి ఉంచుతారు. అమెరికాలో పశుమాంసమైతే రెండు మూడు వారాలు ఉంచడం మామూలే. పొట్టేలుకు రెండు మూడు రోజులు చాలు.

అంటే బిర్యానీ హోటల్లో మెప్పుగా వినిపించే ‘పొద్దునే కోసింది మేడం, ఫ్రెష్’ అన్న మాట స్టేక్‌హౌస్‌లో వినిపిస్తే మీరు వెనకాడాలి.

వాళ్లకు ఫోన్ చేసి మొదట అడగాల్సింది ఇదే: ల్యాంబ్ స్టేక్‌కు మాంసం ఏ రోజు తెస్తారు, ఎన్ని రోజులు చల్లగా ఉంచుతారు? ‘రెండు రోజులు చిల్లర్‌లో పెడతాం’ అంటే ఆ వంటవాడికి పని తెలుసు. ‘ఫ్రోజెన్ వస్తుంది, ముందు రోజు ఫ్రిజ్‌లోకి దించుతాం’ అన్నా మంచి జవాబే. గడ్డకట్టిన మాంసాన్ని నీళ్ల బకెట్లో వేసి అప్పటికప్పుడు కరిగిస్తేనే రసమంతా పోయి పీచులా తయారవుతుంది.

తర్వాత ఏ భాగం అని అడగండి. వెన్నుపూసకు రెండు వైపులా ఉండే కండ, పక్కటెముకల చాప్స్ అయితే స్టేక్‌కు సరైనవి. ఆ కండలు జంతువు బతికున్నప్పుడు ఎక్కువ పని చేయవు, అందుకే మెత్తగా ఉంటాయి. తొడ మాంసాన్ని పలకలుగా కోసి స్టేక్ అని ఇస్తే నిరుటి కథే మళ్లీ జరుగుతుంది. దాన్ని మెత్తబరచడానికి కొందరు పచ్చి బొప్పాయి పట్టిస్తారు. కొలత తప్పితే పైపొర పేస్టులా జారిపోతుంది, లోపల గట్టిదనం అలాగే ఉండిపోతుంది. ‘ల్యాంబ్’ అన్న మాటనూ కొంచెం తరచి అడగండి. ఆ పేరు ఏడాది నిండని గొర్రెపిల్ల మాంసానిది. మన మెనూల్లో ముదురు పొట్టేలునూ, మేకనూ కూడా అలాగే రాసేస్తుంటారు.

మందం అడగడం చాలామందికి తోచదు, కానీ తేడా అంతా అక్కడే. రెండున్నర సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక అంగుళం ఉంటేనే పైన గోధుమరంగు పట్టేసరికి లోపల తడి మిగులుతుంది. సెంటీమీటరు మందం ముక్క పైన రంగు తిరిగే లోపే లోపల ఎండిపోతుంది. ఎంత గొప్ప వంటవాడైనా దాన్ని కాపాడలేడు.

ఇక ఆ ఇనప పళ్లెం. మన ఊళ్లలో స్టేక్ పేరుతో వచ్చేది చాలాచోట్ల సిజ్లర్. బాగా కాలిన పళ్లెం మీద వెన్న, సాస్ పోస్తే చుయ్‌మని శబ్దం, పొగ వస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు సంబరపడతారు. కానీ ఆ పళ్లెం మీద మాంసం ఉడుకుతూనే ఉంటుంది. మీడియం, అంటే లోపల 60 నుంచి 63 డిగ్రీలకు దించిన ముక్క మీరు ఫొటో తీసుకునే లోపే 70 దాటిపోతుంది. కాల్చాక ఐదు నిమిషాలు విశ్రాంతిగా ఉంచి, మామూలు పింగాణీ పళ్లెంలో ఇమ్మని, సాస్ విడిగా గిన్నెలో పెట్టమని ముందే చెప్పండి. దానికి ఒప్పుకోని చోట స్టేక్ కన్నా ఆర్భాటమే సరుకు అనుకోవచ్చు.

ఇప్పుడు ‘టెండర్‌లాయిన్’. జంతువు పేరు రాయకుండా ఆ మాట ఒక్కటే మెనూలో ఉంటే, మన దేశంలో అది సాధారణంగా గేదె లేక దున్న మాంసం. గోవధను మన రాష్ట్రంలో 1977 నాటి చట్టమే నిషేధించింది. ఫోన్‌లో నిస్సంకోచంగా ‘అది ఏ మాంసం?’ అని అడగండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. తినేవాళ్లు అడుగుతారు, తినని వాళ్లూ అడుగుతారు. సూటిగా చెప్పని హోటల్‌కు అత్తమామలను తీసుకెళ్లవద్దు. చెప్పాక ఏం చేయాలన్నది మీ ఇంటి విషయం, కానీ దాన్ని పదిమంది కూర్చున్న బల్ల దగ్గర మెనూ చూస్తూ తేల్చుకోకండి. మీ వారితో ముందు విడిగా మాట్లాడండి. ఆయన హ్యూస్టన్‌లో తిన్నది ధాన్యం మేపిన పశువు మాంసమైతే, కండ మధ్య సన్నటి తెల్లగీతల్లా కొవ్వు అల్లుకుని ఉంటుంది. కాలుతున్నప్పుడు ఆ కొవ్వు కరిగి లోపల్నుంచే తడిపెడుతుంది. మన గేదె మాంసంలో గానీ పొట్టేలులో గానీ కండ మధ్య అంత కొవ్వు ఉండదు. చంద్రగిరి దగ్గర ఎంత శ్రద్ధగా కాల్చినా ఆ రుచి రాదు. మంచి ల్యాంబ్ చాప్స్ రావచ్చు, మంచి వంజరం స్టేక్ రావచ్చు. అవి వేరే రుచులు, వాటి లెక్కన అవి బాగానే ఉంటాయి. నిరుడు ఆయన మౌనంగా ఉండడానికి సగం కారణం ఈ తేడాయే అయి ఉండవచ్చు. అందుకే పూర్తిగా దాచిపెట్టి తీసుకెళ్లాలన్న ఆలోచనను ఇంకొకసారి చూసుకోమంటాను. దాచితే ఆ ఒక్క క్షణం ముచ్చటగా ఉంటుంది. చెప్పి తీసుకెళితే ఆయన ఏ రుచి ఆశించాలో సిద్ధపడి వస్తారు, ఎంపికలో మీకు తోడుంటారు.

చుక్కల సంగతి. 4.3 అన్న అంకెను పక్కన పెట్టి, గత రెండు నెలల్లో రాసినవి, అందులోనూ మూడు చుక్కలు ఇచ్చినవాళ్లవి చదవండి. కోపంలో ఒకటి, మొహమాటంతో ఐదు ఇస్తారు. మూడు ఇచ్చినవాళ్లే ఏది బాగుంది, ఏది బాగాలేదు అని విడదీసి రాస్తారు. లైట్లు, ఊయల, ఫొటో గోడ గురించి రాసినవి మీకు పనికిరావు. ‘రబ్బరు’ అన్నవాళ్లు ఏం తెప్పించుకున్నారో, ఏ వారం వెళ్లారో చూడండి. తిన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో కోసిన ముక్క లోపలి భాగం వెతకండి. అంచు నుంచి మధ్యదాకా ఒకే బూడిదరంగైతే ఎక్కువ కాల్చారు. పళ్లెంలో ఎర్రటి నీరు మడుగు కట్టి ఉంటే దించగానే కోసేశారు, లేక సరిగ్గా కరిగించలేదు. ప్రతి ఫొటోలోనూ మాంసం గ్రేవీ కింద దాగి ఉంటే, దాచాల్సింది ఏదో ఉందన్నమాట.

రోజు ఎంచుకోవడం ఇక్కడ చాలా ముఖ్యం, ముఖ్యంగా మన ఊళ్లో. శనివారం తిరుపతిలో చాలా ఇళ్లలో మాంసం ముట్టరు, పెరటాసి (తమిళుల లెక్కన సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే నెల) అయితే నెలంతా అంతే. ఊరి బయట మాంసం హోటల్‌కు శనివారం గిరాకీ తగ్గితే, శుక్రవారం కరిగించిన ముక్క ఆదివారం దాకా ఎదురుచూసే ప్రమాదం ఉంది. అత్తగారి నియమం పక్కన పెట్టినా, వంట లెక్కన కూడా శనివారం మంచిది కాదు. ఆదివారం సరుకు బాగా కదులుతుంది, కానీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఒత్తిడిలో ఎవరి ముక్కా సరిగ్గా కాలదు. ఆదివారం సాయంత్రం ఏడింటికి, జనం ముసరక ముందే కూర్చుంటే రెండు విధాలా మేలు.

మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. ఏది తీసుకున్నా కొంత వస్తుంది, కొంత పోతుంది.

రెండు వేడుకలుగా విడదీయడం ఒకటి. శనివారం పెళ్లిరోజు నాడు పొద్దున తిరుచానూరు అమ్మవారి దర్శనం, ఇంట్లో అత్తగారికి ఇష్టమైన శాకాహార భోజనం. ఆదివారం సాయంత్రం మీరిద్దరే స్టేక్‌హౌస్‌కు. ఇద్దరికీ 1,400 చొప్పున రెండు స్టేక్‌లు, ఒక సూప్, ఒక స్వీటు కలిపి దాదాపు 3,400. దాని మీద 5 శాతం జీఎస్‌టీ. ముక్క బాగున్నా, బాగాలేకున్నా అది మీ ఇద్దరి మధ్యే ఉంటుంది, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. అయితే పిల్లలు అలగవచ్చు. ‘మమ్మల్ని వదిలేసి’ అని పెద్దవాళ్లకు అనిపించకుండా శనివారం వేడుక నిండుగా చేయాలి.

ఆదివారం అందరినీ తీసుకెళ్లడం ఇంకొకటి. మీరు పంపిన మెనూ ప్రకారం లెక్కేశాను. రెండు స్టేక్‌లు 2,800, మామగారికి చేప 750, పిల్లలకు చికెన్ 800, అత్తగారికి 350, సూప్‌లు, డ్రింకులు 700, చివర్లో తీపి 400. మొత్తం 5,800, జీఎస్‌టీతో 6,090. పోను రాను బండి ఖర్చు వేరు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అక్కడ ఆటో దొరకడం కష్టం కాబట్టి కారు ముందే మాట్లాడుకోండి. బిల్లులో సర్వీస్ చార్జ్ వేస్తే తీసేయమనండి. దాన్ని తమంతట తామే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబరు ఉందో లేదో కూడా చూడండి. మామగారికి స్టేక్ వద్దు, కట్టుడు పళ్లతో అది శిక్ష. వంజరం ముక్క ముల్లు తీసి, తక్కువ ఉప్పుతో, బంగాళాదుంప బదులు ఉడికిన కూరగాయలతో ఇమ్మనండి. ఆయనకూ పిల్లలకూ ఏ మాంసమైనా పూర్తిగా ఉడకాలి, చికెన్ అయితే లోపల 74 డిగ్రీలు. సూదులతో పొడిచి మెత్తబరిచిన మాంసమైతే మీరైనా మీడియం తినకండి. పైన ఉండే క్రిములు ఆ రంధ్రాల్లోంచి లోపలికి దిగుతాయి, 71 డిగ్రీలు దాటాల్సిందే. చిన్నవాణ్ణి సర్వర్ వచ్చే దారి వైపు కూర్చోబెట్టకండి, పక్క బల్లలకు కాలుతున్న పళ్లేలు వాడి తల పక్కనుంచే వెళతాయి. ఈ దారిలో అందరూ కలిసి ఉంటారు, అది మంచిదే. కానీ అత్తగారు మాంసం కాలే వాసనలో గంటన్నర కూర్చోవాలి. ఆవిడ మీకోసం వస్తానంటారేమో. ఆ ఒప్పుకోలు వెనక ఇబ్బంది ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

మూడోది, ఇంట్లోవాళ్లు లేకుండా ముందు మీరు ఏదైనా బుధవారం మధ్యాహ్నం స్నేహితురాలితో వెళ్లి రుచి చూడవచ్చు. ఖరీదైన ముక్క అక్కర్లేదు. సాస్ లేని గ్రిల్డ్ చేప, నలిపిన బంగాళాదుంప చెప్పండి. చేప పైన రంగు పట్టి లోపల పొరలు పొరలుగా తడిగా విడిపోతే ఆ వంటింటికి వేడి మీద పట్టుంది. చేపనే ఎండబెట్టేవాళ్లు చాప్స్‌ను అసలు కాపాడలేరు. 1,200 లోపు ఖర్చుతో 6,000 సంగతి తేలిపోతుంది. స్టేక్ మాత్రం పార్సిల్ తెప్పించి చూడకండి. మూత పెట్టిన డబ్బాలో 11 కిలోమీటర్లు ఆవిరి పట్టాక ఏ హోటల్‌దైనా ఒకేలా ఉంటుంది.

నాలుగోది, ఇంట్లోనే చేయడం. ఇద్దరికి ఒక కిలో చాప్స్ ఎక్కువే, అరకిలో పైచిలుకు చాలు. కొట్టులో రెండున్నర సెంటీమీటర్ల మందాన కోయమనండి, సన్నగా కొట్టవద్దని రెండుసార్లు చెప్పండి, అలవాటు కొద్దీ కొట్టేస్తారు. రెండు రోజుల ముందే తెచ్చి, తడి తుడిచి, పళ్లెంలో పరిచి ఫ్రిజ్ అడుగు అరలో మిగతా వాటికి తగలకుండా ఉంచండి. ముందు రోజు సాయంత్రం అరకిలోకు ఒక చెంచా ఉప్పు పట్టించండి. కాల్చే ముందు అరగంట బయట పెట్టి మళ్లీ తుడవండి. తడి ఉంటే పెనం మీద అది కాలదు, ఉడుకుతుంది. మందపాటి ఇనప పెనం బాగా కాలనిచ్చి, కొంచెం చెనక్కాయ నూనె వేసి, ఒక్కో వైపు మూడు నిమిషాలు. ముక్కలు ఒకదానికొకటి తగలకూడదు, నాలుగుకు మించి వేస్తే పెనం చల్లబడి నీరు ఊరుతుంది. కొవ్వు అంచును కూడా నిలబెట్టి ఒక నిమిషం కాల్చండి. చివర్లో వెన్న, చిదిమిన వెల్లుల్లి, మిరియాలు. దించి ఐదు నిమిషాలు ఆగి తినండి. వంటింటి థర్మామీటర్ ఒకటి కొంటే ఊహతో పనిలేదు. మాంసం ఖర్చు స్టేక్‌హౌస్‌లో ఒక్క ప్లేటు ధరకన్నా తక్కువే. కానీ పొగ ఇల్లంతా కమ్ముతుంది, పెళ్లిరోజు పూట మీరు పొయ్యి దగ్గర నిలబడాలి. అత్తగారు దోసెలు పోసే పెనం మాత్రం దీనికి వాడకండి. విడిగా ఒకటి కొనండి, మేడ మీదో పెరట్లోనో చిన్న స్టవ్ పెట్టుకోండి.

ఫోన్ చేసేది మధ్యాహ్నం మూడున్నర, ఐదు గంటల మధ్య చేయండి. రద్దీ లేని ఆ వేళ కౌంటర్‌లో ఉన్నవాళ్లు వంటమనిషికి ఫోన్ ఇవ్వగలరు. మాంసం ఎన్నాళ్లు ఉంచుతారు, ఏ భాగం, ఎంత మందం, టెండర్‌లాయిన్ ఏ జంతువుది అన్నవి ఆయన్నే అడగండి. అత్తగారిని కూడా తీసుకెళ్లేట్టయితే పనీర్‌కు, కూరగాయలకు వేరే పెనం ఉందా, పట్టకార్లు వేరా అని అదే ఫోన్‌లో అడగండి. ‘ఒకటే గ్రిల్, కడిగి చేస్తాం’ అంటే ఆవిడకు ఆ మాట ముందే చెప్పి, వస్తారో రారో ఆవిణ్ణే నిర్ణయించుకోనివ్వండి.